రేకుల షెడ్డు పనికి అగ్రిమెంట్ రాసుకోవడం: కొత్తగా రూఫింగ్ వ్యాపారం పెట్టినవాళ్లకు

మన ఊళ్లలో షెడ్డు పని ఎలా కుదురుతుందో అందరికీ తెలిసిందే. ఓనర్‌తో కలిసి డాబా ఎక్కి చూస్తాం. "అడుగు ఎంత?" అని అడుగుతారు. ఒక రేటు చెప్తాం, ఇరవై తగ్గించమంటారు, పది తగ్గిస్తాం. అడ్వాన్స్ చేతికొస్తుంది, మర్నాడు పైపులు దిగుతాయి. కాగితం మాత్రం ఉండదు.

నేనూ మొదట్లో అలాగే చేశాను. ఒక డాబా మీద షెడ్డు పూర్తయ్యాక చివరి బిల్లు రోజున ఓనర్‌గారు టేపు తెచ్చి గోడల లోపల కొలిచారు. నేను రేకుల అంచుల వరకు కొలిచాను. మా ఇద్దరిలో ఎవరం అబద్ధం ఆడలేదు, కానీ లెక్కలో నలభై వేలకు పైగా తేడా వచ్చింది. చివరికి సగానికి ఒప్పుకుని వచ్చేశాను. డబ్బు పోయినందుకు బాధపడ్డాను. ఆయన నన్ను మోసగాడని అనుకున్నందుకు ఇంకా ఎక్కువ బాధపడ్డాను.

అప్పటి నుంచి అగ్రిమెంట్‌ని ఆఖరి రోజు నుంచి వెనక్కి ఆలోచించి రాస్తున్నాను. చివరి బిల్లు రోజున ఏ విషయం మీద మాటామాటా వస్తుంది? మొదటి వాన పడ్డ రాత్రి ఏమని ఫోన్ వస్తుంది? ఆ రెండు రోజులకు కావాల్సిన సమాధానాలు ముందే కాగితం మీద ఉంటే చాలు. లాయర్ల భాష అక్కర్లేదు, తెలుగులో సూటిగా రాసినా చెల్లుతుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండి, బుద్ధి సరిగా ఉన్న ఇద్దరు, బలవంతం లేకుండా, చట్టబద్ధమైన పని కోసం, ఇచ్చిపుచ్చుకునేదేదో తేల్చుకుని ఒప్పుకుంటే అది కాంట్రాక్టే. నోటిమాట కూడా కాంట్రాక్టే, కాకపోతే దాన్ని రుజువు చేయడం కష్టం.

1. ముందు సంతకం ఎవరిదో తేల్చుకోండి

ఇల్లు అమ్మగారి పేరు మీద ఉంటుంది. డబ్బు అమెరికాలో ఉన్న కొడుకు పంపిస్తాడు. పని దగ్గరుండి చూసేది నాన్నగారు. రంగు మాత్రం కోడలు చెప్తుంది. ఇలాంటి ఇల్లు మీకు మొదటి నెలలోనే తగులుతుంది. నాన్నగారు నీలం అన్నారని నీలం రేకులు తెప్పిస్తే, కొడుకు వీడియో కాల్‌లో చూసి ఎరుపు కదా చెప్పింది అంటాడు. సైజుకు కోయించిన రంగు రేకుల్ని వెనక్కి తీసుకునేవాళ్లు ఉండరు.

అందుకే అగ్రిమెంట్ మొదటి పేరాలోనే మూడు సంగతులు రాయండి: ఆస్తి ఎవరిది, డబ్బు ఎవరిస్తారు, సైట్‌లో నిర్ణయం ఎవరిది. నేను రాసే మాట ఇది:

"ఈ పనికి సంబంధించి రంగు, కొలత, మార్పులు, అదనపు పని విషయంలో ఓనర్ తరఫున ఫలానా వారి మాటే చెల్లుతుంది. వారి వాట్సాప్ నంబర్ ఇది. వేరే కుటుంబ సభ్యులు చెప్పిన మార్పులు వారు ఒప్పుకున్నాకే చేస్తాము."

డబ్బు పంపేవారు విదేశంలో ఉంటే అగ్రిమెంట్ పీడీఎఫ్‌ను వాళ్ల ఈమెయిల్‌కి పంపి, "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని జవాబు తెప్పించుకోండి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 10ఎ చెప్తోంది.

అపార్ట్‌మెంట్ టెర్రస్ అయితే ఇంకో జాగ్రత్త. అది సాధారణంగా అందరి ఉమ్మడి స్థలం. పై అంతస్తు ఆయన ఒక్కరే వచ్చి అడ్వాన్స్ ఇచ్చినా అసోసియేషన్ తీర్మానం కాపీ లేకుండా పని మొదలుపెట్టకండి. అసోసియేషనే పని ఇస్తే, సంతకం పెట్టే సెక్రటరీకి ఆ అధికారం ఇచ్చిన తీర్మానాన్ని అగ్రిమెంట్‌కి జతచేయించండి. కమిటీలు మారుతుంటాయి. పాత కమిటీ ఇచ్చిన మాటకు కొత్త కమిటీ కట్టుబడాలంటే కాగితం ఉండాలి.

కంపెనీ షెడ్డు అయితే జీఎస్‌టీ నంబర్, సంతకం చేసేవారి హోదా రాయించి, కంపెనీ ముద్ర వేయించుకోండి.

2. కొలత: అసలు గొడవంతా ఇక్కడే

ఈ భాగం మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. ఒక చిన్న షెడ్డు లెక్క చూడండి. గోడల మధ్య 20 అడుగులు, 30 అడుగులు. నాలుగు వైపులా అడుగున్నర చూరు. 10 డిగ్రీల ఏకవాలు. రేకు పూర్తి వెడల్పు 3.5 అడుగులు, ఒకదాని మీద ఒకటి ఎక్కించాక కప్పేది 3.28 అడుగులు.

గోడల లోపల కొలిస్తే 600 చదరపు అడుగులు. చూరు కలిపి నేల మీద లెక్కేస్తే 23 గుణించి 33, అంటే 759. వాలు వెంట టేపు పెడితే 23 అడుగులు కాస్తా 23.36 అవుతాయి, మొత్తం 771. ఇక కొన్న రేకుల లెక్క అయితే పది రేకులు, ఒక్కోటి 3.5 అడుగుల వెడల్పు, 23.36 అడుగుల పొడవు, మొత్తం 818. అడుగు 200 రూపాయలు అనుకుంటే మొదటి లెక్కకు 1,20,000, చివరి లెక్కకు 1,63,600. షెడ్డు ఒకటే, రేటు ఒకటే, తేడా 43,600 రూపాయలు. నేను పోగొట్టుకున్న డబ్బు ఇలాంటి లెక్కలోనే పోయింది.

వాలు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర వాలు కొలత నేల కొలత కంటే 1.5 శాతమే ఎక్కువ. 20 డిగ్రీలకు 6.4 శాతం, 30 డిగ్రీలకు 15.5 శాతం. పెంకుటిల్లులా నిటారుగా కట్టమని అడిగిన చోట దీన్ని మర్చిపోతే లాభం అక్కడే పోతుంది.

ఈ నాలుగు లెక్కల్లో ఏది పెట్టుకున్నా తప్పు లేదు, ఏదో ఒకటి ముందే రాసుకుంటే చాలు. నేను వాలు వెంట, చూరు అంచు నుంచి అంచుకు కొలుస్తాను, ఓవర్‌ల్యాప్ లెక్కలో వేయను. పైన కప్పిన రేకును ఓనర్ స్వయంగా టేపు పెట్టి చూసుకోగలిగేది ఇలాగే. ఓవర్‌ల్యాప్‌లో పోయే రేకు ఖర్చును రేటులోనే కలిపేసుకుంటాను.

"కొలత: షెడ్డు పైభాగాన వాలు వెంట, చూరు చివరి నుంచి చూరు చివరి వరకు. ఓవర్‌ల్యాప్‌కు విడిగా లెక్క లేదు. రిడ్జ్ (కొప్పు రేకు), గట్టర్ (వాననీటి కాలువ), ఫ్లాషింగ్ (గోడ అంచు మూసే రేకు) రన్నింగ్ అడుగుల్లో. పని పూర్తయిన రోజు ఇద్దరూ కలిసి కొలిచి సంతకం చేసిన కొలతే చివరి కొలత."

దీనికి చేత్తో గీసిన బొమ్మ ఒకటి జతచేయండి. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తామో బాణం గుర్తులు వేసి, దాని కింద కూడా సంతకాలు పెట్టించండి. ఆ బొమ్మ దగ్గరుంటే కొలత మీద వాదన రాదు.

3. మెటీరియల్‌ను ఓనర్ పరీక్షించుకునేలా రాయండి

"మంచి కంపెనీ రేకు, హెవీ పైపు" అని కొటేషన్లలో కనిపిస్తుంది. ఈ మాటలకు కొలత లేదు. మీరు నిజంగా మంచి సరుకు వేసి ఉన్నా, రేపు ఎవరో వచ్చి "ఇది పల్చటి రేకు" అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

రంగు రేకులో అసలు తేల్చాల్సింది మందం. 0.50 ఎంఎం అంటే ఏ మందం? రంగు, జింక్ పూత అన్నీ కలిపి 0.50 ఉందా, లోపలి ఇనుమే 0.50 ఉందా? మొదటిదాన్ని టీసీటీ అంటారు, రెండోదాన్ని బీఎంటీ. టీసీటీ 0.50 అయితే లోపలి ఇనుము 0.45 దగ్గర ఉంటుంది. మీరు బీఎంటీ లెక్కన రేటు చెప్పి, పక్క షాపువాడు టీసీటీ లెక్కన చెప్తే, ఓనర్‌కి మీ రేకు పల్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. రెండూ రాసేయండి.

పూత గురించి కూడా రాయాలి. వట్టి జింక్ పూత రేకు వేరు, అల్యూమినియం జింక్ కలిపిన గాల్వాల్యూమ్ రేకు వేరు. రెండోదానిలో పూత సుమారు 55 శాతం అల్యూమినియం. ఏజెడ్ 150 అని ఉంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత అని అర్థం. తీరప్రాంతంలో, ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ తేడా కొన్నేళ్లకే కంటికి కనిపిస్తుంది. రంగు వేసిన జింక్ రేకుకు ఐఎస్ 14246, రంగు వేసిన అల్యూమినియం జింక్ రేకుకు ఐఎస్ 15965 ప్రమాణాలు. రేకు అడుగున కంపెనీవాళ్లు వేసే ముద్రను ఓనర్ సమక్షంలో ఫోటో తీయండి.

పైపులకు గేజీ చెప్తే సరిపోదు, పక్కనే మిల్లీమీటర్లు రాయండి. 16 గేజీ అంటే 1.6 ఎంఎం, 14 గేజీ అంటే 2 ఎంఎం. పైపు సైజు, పర్లిన్ల (రేకులు బిగించే అడ్డ పైపుల) మధ్య దూరం, బేస్ ప్లేట్ మందం, యాంకర్ బోల్టుల సంఖ్య, రెడాక్సైడ్ ఎన్ని కోట్లు, దాని మీద పెయింట్ ఎన్ని కోట్లు, అన్నీ ఒక పట్టికలో పెట్టండి. స్క్రూల సంగతి చాలామంది రాయరు. నా అనుభవంలో షెడ్డు కారేది ఎక్కువగా స్క్రూ దగ్గరే. ఈపీడీఎం (రబ్బరు) వాషర్ ఉన్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ అని, పర్లిన్ మీద రేకులో ఎన్ని గాడులకు ఒకటి అని రాస్తాను. గాలి అంచుల్నీ మూలల్నీ ముందుగా లేపుతుంది, అందుకే అంచు పర్లిన్ల మీద దగ్గర దగ్గరగా వేస్తానని కూడా రాస్తాను.

చివర్లో ఈ వాక్యం: "సరుకు సైట్‌కి వచ్చిన రోజు ఓనర్ మైక్రోమీటర్‌తో మందం చూసుకోవచ్చు. రాసినదాని కంటే తక్కువ ఉంటే మా ఖర్చుతో మారుస్తాము. బిగించాక మందం మీద అభ్యంతరం చెల్లదు." మైక్రోమీటర్ మీ దగ్గరే ఒకటి ఉంచుకోండి. దాన్ని ఓనర్ చేతికిచ్చి చూసుకోమంటే, ఆ రోజు నుంచి ఆయన మీ మాట నమ్ముతారు.

4. మీ పని ఎక్కడ ఆగుతుంది

ఏం చేస్తామో అందరూ రాస్తారు. ఏం చేయమో కూడా రాయండి. పారాపెట్ గోడ ఎత్తడం, బేస్ ప్లేట్ కింద కాంక్రీటు, షెడ్డు గోడకు ఆనుకున్న చోట సిమెంటు పూత, కరెంటు వైరింగు, ఫాల్స్ సీలింగ్ మీ పనిలో ఉన్నాయా లేవా? సిమెంటు మేస్త్రి పూత సరిగా వేయక గోడ వెంట నీళ్లు దిగితే, ఓనర్ ఫోన్ మీకే వస్తుంది.

పాత రేకులు తీసి కొత్తవి వేసే పని అయితే పాత సరుకు ఎవరిదో రాయాలి. పాత ఇనుముకు తూకం మీద డబ్బు వస్తుంది, దాని కోసం గొడవపడ్డవాళ్లను చూశాను. పాతవి సిమెంట్ రేకులైతే సంగతి వేరు. వాటిలో సాధారణంగా ఆస్బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టినా కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆ జబ్బు బయటపడేది చాలా ఏళ్ల తర్వాత. తడిపి, పగలకుండా, మాస్కులు కట్టుకుని దింపుతామని, దింపిన రేకుల్ని ఎక్కడికి చేర్చాలి, ఆ ఖర్చు ఎవరిది అన్నది రాయండి. దీనికి అదనంగా డబ్బు అడగడానికి మొహమాటపడకండి. అది మీ కుర్రాళ్ల ఊపిరికి సంబంధించిన పని.

అనుమతులు ఓనర్ బాధ్యత అని స్పష్టంగా రాయండి. డాబా మీద షెడ్డుకు మున్సిపాలిటీ నుంచి నోటీసు వస్తే, కూల్చివేత జరిగితే, మీ డబ్బు ఆగకూడదు. కరెంటు తీగలు కూడా చూసుకోవాలి. 11 కేవీ లైను భవనానికి పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైన కనీసం 3.7 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకంటే దగ్గరుంటే లైను మార్పించే బాధ్యత ఓనర్‌ది, అప్పటివరకు పని మొదలవదు అని రాసి, దాన్ని తప్పకుండా పాటించండి. పొడవాటి రేకు గాలికి ఊగి తీగకు తగిలితే క్షణంలో ప్రాణం పోతుంది.

5. డబ్బు

ఇనుము ధర వారం వారం మారుతుంది. కొటేషన్ మీద "ఈ రేటు 7 రోజుల వరకే" అని ఉండాలి. అడ్వాన్స్ వచ్చి మెటీరియల్ బుక్ చేశాక ధర పెరిగితే ఆ భారం మీదే. అడ్వాన్స్ ఆలస్యమైతే ఆ రోజు ధర వర్తిస్తుంది. ఈ రెండూ రాస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

వాయిదాల్ని తేదీలకు కాకుండా పని దశలకు ముడిపెట్టండి. నేను అడిగేది ఇలా ఉంటుంది: ఆర్డర్ రోజు 50 శాతం, ఫ్రేము నిలబడ్డాక రేకులు ఎక్కించే ముందు 30, రేకులు బిగించిన రోజు 15, ఆ తర్వాత 30 రోజులకు మిగిలిన 5. సగం అడ్వాన్స్ ఎందుకని అడుగుతారు. రేకులు మీ ఇంటి కొలతకే కోస్తారు, అవి ఇంకో ఇంటికి పనికిరావు అని చెప్తే అర్థం చేసుకుంటారు. చివరి 5 శాతాన్ని నేనే ఇష్టపడి వదులుతాను. వాన చూశాక ఇస్తాననే ఓనర్‌కి అది ధైర్యం. అంతకంటే ఎక్కువ ఆపుకునే షరతుకు ఒప్పుకోకండి, కొత్త వ్యాపారానికి అది ఊపిరాడనివ్వదు.

రెండో వాయిదా అందకుండా రేకులు పైకి ఎక్కించకండి. రేకులు బిగించాక తొందర మీకే తప్ప ఓనర్‌కి ఉండదు.

పన్ను సంగతి. మెటీరియల్, కూలీ కలిపి ఇంటికి బిగించి ఇచ్చే పనిని జీఎస్‌టీలో వర్క్స్ కాంట్రాక్టు అంటారు. దాన్ని సేవగా లెక్కేస్తారు, సాధారణ రేటు 18 శాతం. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "రేటులో జీఎస్‌టీ కలిసి ఉంది" లేదా "జీఎస్‌టీ అదనం" అని ఒక్క మాట రాయకపోతే 18 శాతం మీ జేబులోంచి పోతుంది. "బిల్లు లేకుండా చేయి, తగ్గించు" అని అడిగేవాళ్లు ఉంటారు. నేను చేయను. బిల్లు లేని పనికి రేపు డబ్బు రాకపోతే ఏ కాగితం పట్టుకుని అడుగుతారు? కంపెనీల పనికి టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తారు, కోసిన మొత్తం కూడా చెల్లించినట్టే లెక్క అని రాసి, సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

6. గడువు, వాన, ముహూర్తం

"15 రోజుల్లో పూర్తి" అని రాస్తే, ఏ రోజు నుంచి? నేను ఇలా రాస్తాను: "అడ్వాన్స్ అందిన రోజు, సిమెంటు పని పూర్తయి సైట్ మాకు అప్పగించిన రోజు, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అక్కడి నుంచి 15 పనిదినాలు. వాన, ఈదురుగాలి, కరెంటు కోత వల్ల పని ఆగిన రోజులు కలవవు. అలా ఆగిన రోజు సాయంత్రమే వాట్సాప్‌లో తెలియజేస్తాము."

గృహప్రవేశం ముహూర్తం ఉంటే ఆ తేదీని అగ్రిమెంట్‌లో తప్పక రాయించండి. ఓనర్ మనసులోనే ఉన్న తేదీకి మీరు బాధ్యులు కారు, కాగితం మీద ఉన్న తేదీకి అవుతారు. చేయలేనని తెలిస్తే ముందే చెప్పేయండి. ఆలస్యానికి రోజుకింత అని జరిమానా అడిగితే, మొత్తం విలువలో 5 శాతం మించకూడదని పరిమితి పెట్టండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, మీరు రాసుకున్న మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే కోర్టు ఇప్పిస్తుంది. రాసుకున్నదంతా ఇప్పించాలని లేదు.

7. "అన్నా, ఆ మూల కూడా ఒక రేకు వేసిపో"

పని నడుస్తుండగా ఈ మాట రాని సైట్ లేదు. మెట్ల మీద చిన్న కప్పు, ట్యాంకు కింద స్టాండు, బట్టలు ఆరేసుకోవడానికి రెండు పైపులు. వాళ్లు చనువుతో అడుగుతారు, మనం మొహమాటంతో చేస్తాం, బిల్లులో వేస్తే ఇద్దరికీ మనసు కష్టపడుతుంది.

అగ్రిమెంట్‌లో ఒక వాక్యం: "అదనపు పని ఏదైనా, రేటు, కొలత వాట్సాప్‌లో పంపి, పైన రాసిన నంబర్ నుంచి ఓకే వచ్చాకే చేస్తాము." ఉచితంగా చేయదలిస్తే "ఇది ఉచితం" అని అదే వాట్సాప్‌లో రాయండి. లేకపోతే తర్వాతి పని కూడా ఉచితమే అనుకుంటారు. ఆ మెసేజ్‌లు తుడిచేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. కోర్టులో వాటిని చూపాల్సి వస్తే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

8. గ్యారంటీ

రెండు గ్యారంటీలను వేరువేరుగా రాయాలి. రేకు తుప్పు పట్టడం, రంగు వెలిసిపోవడం మీద గ్యారంటీ రేకు కంపెనీది. దాని కాగితం, కొన్న బిల్లు కాపీ ఓనర్‌కి ఇచ్చేయండి. బిగింపు, కారడం మీద గ్యారంటీ మీది. కంపెనీ ఏళ్ల తరబడి ఇచ్చే గ్యారంటీని మీ నోటితో మీరు చెప్తే అది మీ మెడకు చుట్టుకుంటుంది.

కారడానికి 12 నెలల గ్యారంటీ ఇవ్వండి. ఆరు నెలలు అంటే జనవరిలో చేసిన పనికి సరిగా వాన పడకముందే గడువు అయిపోతుంది. తెలంగాణలో ఎక్కువ వాన జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు వైపు, అక్టోబర్ నుంచి డిసెంబర్ వానలూ గట్టివే. పన్నెండు నెలలైతే ఏ ఊళ్లోనైనా ఒక వానాకాలం పూర్తిగా దాటుతుంది.

గ్యారంటీ వర్తించని సందర్భాలు పేరుపేరునా రాయండి: డిష్, సీసీ కెమెరా, సోలార్ ప్యానెల్ కోసం వేరేవాళ్లు రేకుకు రంధ్రం పెడితే, రేకుల మీద మనుషులు నడిస్తే, గట్టర్‌లో ఆకులు తీయకపోతే, కోతులు దూకితే, కొబ్బరికాయ పడితే. కోతుల మాట చదివి ఓనర్లు నవ్వుతారు, కానీ చాలా ఊళ్లలో పెంకులకీ రేకులకీ నష్టం చేసేది అవే.

గాలి సంగతి విడిగా రాయాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు పైకప్పులు ఎలా ఎగిరిపోయాయో ఆ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. "తుఫానుకు మా బాధ్యత లేదు" అని రాస్తే మామూలు ఈదురుగాలిని కూడా తుఫాను కింద వేశారని ఓనర్ అంటారు. ఐఎస్ 875 మూడో భాగంలో ఊరివారీగా ప్రాథమిక గాలి వేగం ఉంది: హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖ, నెల్లూరుకు 50, కర్నూలుకు 39. గంటకు కిలోమీటర్లలో వరసగా 158, 180, 140. పెద్ద షెడ్డు అయితే ఇంజినీర్‌తో ఆ వేగానికి డిజైన్ చేయించి, ఆ వేగం వరకు బాధ్యత మాది, అంతకు మించితే కాదు అని రాయండి. డిజైన్ చేయించకుండా ఈ అంకె మాత్రం రాయకండి, అది మోసం అవుతుంది.

ఫిర్యాదు వస్తే ఎన్ని రోజుల్లో వస్తారో కూడా రాయండి. నేను "వాన తగ్గాక 3 రోజుల్లో" అని రాస్తాను. తడి రేకు మీదికి మనిషిని ఎక్కించను.

9. మనిషి పడితే

ఈ షరతు రాయడానికి అందరూ భయపడతారు. ఓనర్ "ఎవరైనా పడితే నాకు సంబంధం లేదని రాయి" అంటారు. మీ మనుషుల బాధ్యత మీదే, ఒప్పుకోండి. పని చేస్తూ గాయపడిన కార్మికుడికి పరిహారం ఇవ్వడం చట్టం మీ మీద పెట్టిన బాధ్యత, ఇద్దరి మధ్య రాసుకున్న కాగితంతో అది పోదు. కార్మికుల ఇన్సూరెన్స్ తీసుకుని, పాలసీ నంబర్ అగ్రిమెంట్‌లో వేయండి. హెల్మెట్లు, సేఫ్టీ బెల్టులు, కట్టుకునే తాడు మీరు ఇస్తామని రాయండి. బదులుగా ఓనర్ నుంచి రెండు మాటలు తీసుకోండి: పని జరిగేటప్పుడు కింద పిల్లలు, వాహనాలు లేకుండా చూడటం, స్లాబు పగుళ్లు, లైవ్ వైర్లు లాంటివి తెలిసి దాచకపోవడం.

10. పని మధ్యలో ఆగితే, మాట తేడా వస్తే

ఓనర్ రద్దు చేసుకుంటే: మెటీరియల్ కోయకముందు అయితే అయిన ఖర్చు పోను అడ్వాన్స్ వెనక్కి, కోశాక అయితే ఆ సరుకు ఓనర్‌కే ఇచ్చి లెక్క తేల్చడం. మీరు మధ్యలో వదిలేస్తే జరిగిన పనికి కొలత ప్రకారమే డబ్బు. అడ్వాన్స్ మొత్తం మాకే అని రాయకండి. ఇంటి యజమాని వినియోగదారుడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏకపక్షమైన షరతుల్ని అన్యాయపు ఒప్పందం అంటుంది. ఆయన తాను ఉండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, కోర్టు ఫలానా ఊళ్లోనే అని మీరు రాసుకున్నా అది ఆగదు.

తగువు తీర్చుకునే దారి: ముందు ఏడు రోజుల్లో ఇద్దరూ సైట్‌లో కూర్చోవడం, కుదరకపోతే ఇద్దరికీ నమ్మకమైన సివిల్ ఇంజినీర్ కొలత, అదీ కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర లోక్ అదాలత్. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. చిన్న పనులకు ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) షరతు పెట్టకండి, ఫీజే బకాయిని మించిపోవచ్చు. చేసిన పనికి డబ్బు కోసం దావా వేయడానికి పని పూర్తయినప్పటి నుంచి మూడేళ్లే గడువు. "చూద్దాంలే" అనుకుంటూ అది దాటిపోనివ్వకండి. చివరి వాయిదాకు చెక్కు తీసుకుని అది బౌన్స్ అయితే, బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి.

11. సంతకాల రోజు

మన దగ్గర జనం సాధారణంగా 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకుంటారు. ఒప్పందం స్వభావాన్ని బట్టి సుంకం మారుతుంది కాబట్టి మీ నమూనాను ఒక్కసారి లాయర్‌కి చూపించి తేల్చుకోండి. స్టాంప్ సరిగా లేని కాగితాన్ని సుంకం, జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

రెండు కాపీలు, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, కొలత బొమ్మ, మెటీరియల్ పట్టిక జతగా. సాక్షులు తప్పనిసరి కాదు, అయినా ఇద్దరుంటే మంచిది. ఓనర్ పెద్దవారై చదవలేకపోతే మొత్తం చదివి వినిపించండి, "చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను" అని రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. సంతకానికి ముందు కాగితం ఒక రాత్రి వాళ్ల దగ్గరే వదిలేయండి. మర్నాడు వచ్చే ప్రశ్నలు మీకు విసుగు తెప్పించవచ్చు, కానీ అవి ఆఖరి రోజు రావాల్సిన ప్రశ్నలు.

పని పూర్తయ్యాక ఇంకో అర పేజీ కాగితం ఉంటుంది: కలిసి కొలిచిన కొలత, అదనపు పనుల జాబితా, అందిన డబ్బు, రావాల్సింది, గ్యారంటీ మొదలైన తేదీ. రిడ్జ్, గట్టర్, గోడ అంచు, స్క్రూ వరసల ఫోటోలు తీసి అదే రోజు ఓనర్‌కి పంపండి. ఆ కాగితం మీద సంతకం అయ్యాకే నిచ్చెన బండి ఎక్కించండి. మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు మీరే ఫోన్ చేసి ఎక్కడైనా చెమ్మ కనిపించిందా అని అడగండి. కనిపించిందంటే ఆ రోజే తేదీ వేసి రాసుకుని, రేకు ఆరాక వెళ్లి చూడండి.